మిస్ గ్లోరియాతో బస్ స్టాప్ దాకా

కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో, తలా ఒక వంట తెచ్చుకునే మా పాట్‌లక్ విందుల్లో, దగ్గర్లోని ఓక్లాండ్ మాట వస్తే "అటు వెళ్లొద్దు" అనేవాళ్లే గానీ వెళ్లినవాళ్లు తక్కువ. సునందక్క మాత్రం రోజూ వెళుతుంది. గుంటూరు మనిషి, కాల్పులు జరిగిన వీధుల్లో బాధితులకు తోడుండే సోషల్ వర్కర్. ఆ పని ఎలా ఉంటుందని అడిగితే, ఒకరోజు సెలవు పెట్టి తనతో రమ్మంది. 2012లో ఒక శుక్రవారం వెళ్లాను.

మా పక్క ఊరు డబ్లిన్‌లో కారు పార్క్ చేసి ఉదయం ఎనిమిదింటికి బార్ట్ రైలెక్కాను. టికెట్ ఐదు డాలర్లు దాటలేదు, ప్రయాణం అరగంట పైచిలుకు. ఓక్లాండ్ స్టేషన్ బయట అక్క కారెక్కించుకుని మిస్ గ్లోరియా ఇంటికి తీసుకెళ్లింది. నేను రావచ్చా అని ఆవిడను ముందే అడిగింది. ఆవిడకు డెబ్బై దాటాయి. ఆ వేసవి మొదట్లో, వీధి చివరి బస్ స్టాప్ దగ్గర పొరుగింటి యువకుణ్ణి ఎవరో కాల్చారు. అంబులెన్స్ వచ్చేదాకా అతని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది ఈవిడే. అతను బతకలేదు. ఆవిడ మళ్లీ ఆ స్టాప్‌కి వెళ్లలేదు. ఆ బస్సులోనే వెళ్లాల్సిన వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో ఉన్న చెల్లెల్ని చూడనూ లేదు.

ఆ రోజు ముగ్గురం ఆ స్టాప్‌కి నడిచి వెళ్లాం. బస్సు వచ్చి ఆగేసరికి వెనక ఏదో ట్రక్కు తలుపు ధడేల్మంది. మిస్ గ్లోరియా గోడ పట్టుకుని కూలబడింది. బస్సును వెళ్లమని చెయ్యూపి, అక్క కూడా ఆవిడ పక్కనే నేలమీద కూర్చుంది. భయపడొద్దని ఒక్కమాటా అనలేదు. చెల్లెలు ఏం బాగా వండేదని అడిగింది. మెల్లగా కబుర్లు మొదలయ్యాయి.

"కార్లో డ్రాప్ చేస్తే సరిపోదా అక్కా?" అన్నాను తెలుగులో.

"ఇవాళ్టికి సరిపోతుందే. రేపు ఎవరు డ్రాప్ చేస్తారు? బుల్లెట్ తగిలింది ఆ అబ్బాయికే. ఈ వీధిలో ఎంతమంది ఇల్లు కదలట్లేదో హాస్పిటల్లో ఎవరికీ తెలీదు."

రెండో బస్సూ వెళ్లిపోయింది. ఆ తర్వాతి దానికి మిస్ గ్లోరియా తనే చెయ్యెత్తింది. డ్రైవర్ మెట్టు కిందికి దించి, ఆవిడ కూర్చునేదాకా ఆగాడు.

నర్సింగ్ హోమ్‌లో చెల్లెలు కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఉంది. ఇన్నాళ్లూ ఏమైపోయావని నిష్ఠూరంగా అడిగింది.

"బస్సెక్కలేకపోయాను. ఇవాళ ఎక్కాను," అంది మిస్ గ్లోరియా. దువ్వెన తీసి చెల్లెలి జుట్టు దువ్వసాగింది. సునందక్క గుమ్మం దగ్గర నిలబడి కళ్లు తుడుచుకుంది.

కాల్పుల వార్త మర్నాటికల్లా మా మాటల్లోంచి పోతుంది. సునందక్క పని అప్పుడే మొదలవుతుంది. ఒక పెద్దావిడ బస్సెక్కడానికి ఒక పూట పట్టింది; ఆ పూటంతా అక్క ఒక్కసారి కూడా వాచీ చూసుకోలేదు. ఇలాంటి పనికి తోడుగా వెళ్లాలనుకుంటే, ఆ రోజు మరే పనీ పెట్టుకోకండి. ఫలానా రైలుకి తిరిగొచ్చేస్తానని ఇంట్లో మాటివ్వకండి.