బావ దుర్భిణికి స్టాండు

మొన్న మా ఎదురు ఫ్లాట్‌లో ఉండే లెక్చరరమ్మ తలుపు తట్టి, "సార్, పెద్ద దుర్భిణి కొన్న. చేతులల్ల ఆగుతలేదు. స్టాండ్ ఏది తీసుకోమంటరు?" అని అడిగింది. ఇక నన్ను ఆపడం ఎవరి తరం? గుమ్మంలోనే నిలబెట్టి అరగంట వాయించాను. దుర్భిణి బరువుకు రెట్టింపు మోసేది చూడమ్మా, తేలికగా ఉందని మురిసిపోకు. స్టాండు నడిమి గొట్టం పైకి లాగావంటే గాలికి ఊగుతుంది, కాళ్లే పొడుగ్గా ఉండాలి. పైన తిప్పే తల మెత్తగా తిరగాలి, వదిలితే వదిలినచోటే ఆగాలి. దుర్భిణిని స్టాండుకు బిగించే ఎల్ ఆకారపు బ్రాకెట్టు మాత్రం మరిచిపోకు. ఆమె అన్నీ ఫోన్‌లో రాసుకుని వెళ్లింది. ఇదంతా నాకెలా తెలుసని అడగలేదు. అడిగి ఉంటే మా బావ సంగతి చెప్పాల్సి వచ్చేది.

బావ అంటే మా అక్క భర్త. మట్టెవాడలో కిరాణా కొట్టు. ఆయన తరాజు చేత్తో ఎత్తి పట్టుకుంటే ముల్లు గోడకు కొట్టిన మేకులా నిలబడేది. ఆయన తూచిన చక్కెరను మళ్లీ తూచుకున్నవాళ్లను నేను చూడలేదు. అట్లాంటి చేతికి వణుకు వచ్చింది. నరాల డాక్టరు ఇచ్చిన మాత్రలు డబ్బాలు డబ్బాలుగా మింగాడు, వణుకు తగ్గలేదు. ఒకరోజు పళ్లెంలోని చక్కెరంతా బల్ల మీద ఒలికిపోతే, కొనడానికి వచ్చినామె గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడిందట. తిట్టినా బాగుండేదని బావ అన్నాడు. మర్నాటి నుంచి కొట్టు తెరవలేదు. డాబా మీద కుర్చీ వేసుకుని, ఎప్పుడో సరదాకు కొన్న దుర్భిణిని పెట్టెలోంచి బయటికి తీశాడు.

రెండు వీధుల అవతల సెల్ టవర్ మీద గద్ద గూడు కట్టింది. గూట్లో ఒకటే పిల్ల, అప్పుడే గుడ్డులోంచి వచ్చింది. "బామ్మర్దీ, గది మొదటిసారి ఎగిరేది నా కండ్లతోటి చూడాలె. గంతే. ఇంకేం వద్దు నాకు," అన్నాడు. చిక్కేమిటంటే, పన్నెండు రెట్లు దగ్గర చేసి చూపే అద్దాలు చేతి వణుకును కూడా పన్నెండు రెట్లు చేస్తాయి. కళ్లకు పెట్టుకోగానే, "ఇగో, టవరు బతుకమ్మ ఆడుతాంది," అని తనే నవ్వేవాడు. అక్క నవ్వేది కాదు.

నేనా, ఐటీఐలో పాతికేళ్లు ఫిట్టర్ పాఠాలు చెప్పినవాణ్ని. ఇదెంత పని అనుకున్నాను. ముందు ఒక ఫోటో స్టూడియో నుంచి మూడు కాళ్ల స్టాండు తెచ్చి, సైకిల్ ట్యూబు ముక్కలతో దుర్భిణిని కట్టాను. గాలి వీస్తే చాలు, ఊగింది. తరువాత భూములు కొలిచేవాళ్ల చెక్క స్టాండు తెచ్చాను. అది ఏనుగు కాలంత గట్టిది. కానీ దాని మీద పెట్టి చూడాలంటే వంగాలి, వంగితే బావ కాళ్లు నిలవవు. మూడు వారాలు అట్లా పోయాయి. అప్పుడు బావే దారి చూపించాడు. "తరాజు లెక్క చెయ్. ఇటు దుర్బీన్, అటు తూకపురాయి. మనిషి కూసున్నా నిలవడ్డా అదే లేస్తది, అదే దిగుతది." నాకు సిగ్గేసింది. నాలుగు ఇనుప పట్టీలు తెచ్చి చతురస్రంలా కూర్చి, కీళ్ల దగ్గర బోల్టులు వేసి, వెనక కొసకు రెండు కిలోల రాయి వేలాడదీశాను. కీలు బిగిస్తే కదలదు, వదులు చేస్తే ఊగుతుంది. విప్పడం, ఆకురాయితో రుద్దడం, మళ్లీ బిగించడం. ఎండలు ముదిరాయి. డాబా మీద కాళ్లు కాలుతున్నా నాకు ఆ బోల్టులు తప్ప ఇంకేం పట్టలేదు. నిజం చెప్పాలంటే బావను కూడా సరిగ్గా చూడలేదు.

చివరికి కుదిరింది. వేలితో తాకితే కదిలి, వదిలితే అక్కడే ఆగింది. బావ కుర్చీలో కూర్చుని ముఖం ఆనించాడు. మళ్లీ అంతా ఊగింది. అప్పటికి ఆయన తల కూడా వణుకుతోంది. ఎప్పటి నుంచి వణుకుతోందో నాకు తెలియదు.

అక్క తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. "తమ్మీ, ఇనుమునే నిలవెడ్తానవ్. మనిషిని ఎవలు నిలవెట్టాలె?" అంది. బావ వెనక నిలబడి, ఆయన తలను రెండు అరచేతులతో పట్టి తన పొట్టకు అదుముకుంది. ఆ తలకు కాస్త కూడా కదలిక లేకుండా పోయింది.

"కనవడ్తాంది," అన్నాడు బావ. చాలాసేపు చూశాడు. "పిల్ల పెద్దగైంది. రెక్కలు కొట్టుకుంటాంది. రేపో ఎల్లుండో ఎగురుతది."

తరువాత నేను కన్ను పెట్టాను. ఎండుపుల్లలు, వైరు ముక్క, నీలం ప్లాస్టిక్ పేలిక. గూడు నిశ్చలంగా, శుభ్రంగా కనిపిస్తోంది. అందులో ఏమీ లేదు.

"అవును బావా, మంచిగ పెద్దగైంది," అన్నాను.

మెట్లు దిగుతుంటే అక్క నా వెనకే వచ్చింది. "మంగళారం పొద్దుగాలనే ఎగిరిపోయింది తమ్మీ. బట్టలారేస్తాంటె చూసిన. మీ బావకు చెప్పకు," అంది. ఆయనకు తెలుసక్కా అనలేదు నేను. ఎగిరేటప్పుడు ఎట్లా ఉందని కూడా అడగలేదు. బాధ కలగాలి కదా, కలగలేదు. చేతిలో స్పానర్ ఉంది, దాన్ని సంచిలో పెట్టుకున్నాను. తొలకరికి బావ పోయాడు. అప్పుడూ నాకు ఏడుపు రాలేదు. గుండె గట్టి మనిషని చుట్టాలు మెచ్చుకున్నారు, నేను కాదనలేదు. ఆ తల పట్టుకుంటే చాలునని తెలియడానికి మాకు రెండు నెలలు పట్టింది. పిల్లకు రెక్కలు రావడానికీ అంతే పట్టింది.