హుజూర్‌నగర్ దగ్గర మోగిన ఫోన్

తమ్ముడి ఎంగేజ్‌మెంట్ మిర్యాలగూడలో, అమ్మాయి వాళ్లింట్లో. అమ్మ, తమ్ముడు, చుట్టాలు వ్యానులో ముందే వెళ్లిపోయారు. నాన్న, అక్క, నేను కోదాడ నుంచి బావ కారులో వెనకే బయలుదేరాం. సూర్యాపేటలో కుట్టడానికిచ్చిన నా జాకెట్టును అక్క ఆ పొద్దున్నే తెచ్చింది. ఆలస్యానికి అదే కారణం. నాన్న అప్పటికే చిరాగ్గా ఉన్నాడు.

హుజూర్‌నగర్ దాటుతుంటే విశాఖలోని మా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. నాతో పనిచేసే అమ్మాయి.

"మేడమ్, రెండో ఓడ. షాఫ్టు బేరింగు ఎర్రగా చూపిస్తోంది. కంపనం పెరుగుతూనే ఉంది."

నౌకాదళానికి ఇంధనం, సరుకు మోసే సహాయక నౌకలకు మేం డిజిటల్ ట్విన్‌లు తయారు చేస్తాం. అంటే కంప్యూటర్లో ఒక్కో ఓడకు ఒక జోడు. ఓడలోని సెన్సర్లు పంపే వేడి, వేగం, కంపనం అన్నీ అందులోకి చేరుతుంటాయి. ఓడ ఎలా నడవాలో ఆ జోడు లెక్కగడుతుంది. అసలు ఓడ తేడాగా నడిస్తే హెచ్చరిస్తుంది. ప్రొపెల్లర్‌ను తిప్పే పొడవాటి షాఫ్టు, అది ఆనుకుని తిరిగే బేరింగుల మోడల్ నేను కట్టిందే. కానీ అది ఆఫీసు కంప్యూటర్లలో తప్ప బయట తెరుచుకోదు. నా చేతిలో ఫోన్ తప్ప ఏమీ లేదు.

"ఓడలో వాళ్లేమంటున్నారు?"

"అక్కడి మీటర్లన్నీ హద్దులోనే ఉన్నాయట. కాసేపట్లో ఇంకో నౌకకు ఆయిల్ ఎక్కించాలి. మనం గట్టిగా చెబితే తప్ప ఆగేలా లేరు."

నడిసముద్రంలో ఆయిల్ ఎక్కించడమంటే రెండు పెద్ద నౌకలు మధ్యలో పైపుతో పక్కపక్కనే నడవాలి. ఆ సమయంలో ఒకదాని షాఫ్టు మొరాయిస్తే రెండూ గుద్దుకోవచ్చు. ఆ సంగతి తెలుసు. అంతకుముందు నెల ఇదే మోడల్ హెచ్చరించిందని ఓడను ఆపి, అంతా విప్పి చూస్తే ఏమీ దొరకలేదన్నదీ తెలుసు. ఈసారీ ఉత్తదే అయితే మా మాట ఇక ఎవరూ వినరు.

లైను తెగింది. బావ కారును పొలాల పక్కన ఆపాడు. నేను దిగి, సిగ్నల్ దొరికేదాకా గట్టు మీద నడిచాను. నాన్న కూడా దిగి వచ్చాడు.

"ఏమైంది బిడ్డా?"

"ఓడ ఆపాల్నా వద్దా అని అడుగుతున్రు నాయినా."

"ఓడ ఏడుంది, నువ్వేడున్నవ్? గాడున్నోళ్లకు కనవడ్తలేదా?"

జవాబు చెప్పేలోగా అమ్మ ఆయనకు ఫోన్ చేసింది. అక్కడ అందరూ కూర్చుని ఎదురుచూస్తున్నారట.

మళ్లీ లైను కలిసింది. "బేరింగు వేడి ఎంతుంది?" అని అడిగాను.

"పెద్దగా పెరగలేదు మేడమ్. అందుకే సెన్సరే పాడైందంటున్నారు."

"ఇంధనం?"

ఆ అమ్మాయి వెతుకుతున్నంతసేపూ కీబోర్డు చప్పుడు వింటూ నిలబడ్డాను.

"అదే వేగానికి ఎక్కువ కాలుస్తోంది. పొద్దుటి నుంచీ."

కంపనం చూపే సెన్సర్ అబద్ధం చెప్పవచ్చు. దానికి సంబంధం లేని ఇంధనం మీటరు కూడా సరిగ్గా అప్పుడే అబద్ధం ఎందుకు చెబుతుంది?

"ఆయిల్ పని మొదలుపెట్టొద్దని చెప్పు. వేగం తగ్గించి షాఫ్టు చూసుకోమను. నా మాటగా చెప్పు."

"ఖాయమేనా మేడమ్?"

"ఖాయం కాదు. అయినా చెప్పు."

కారెక్కాక అక్క నీళ్ల సీసా ఇచ్చింది.

"ఫోన్ వచ్చేదాకా ఇక్కడే ఉందామా?" అన్నాడు బావ.

"వద్దు బావా. పోదాం."

మిర్యాలగూడలో పెళ్లికూతురికి చీర పెట్టారు, పూలు పెట్టారు. ఫొటోల్లో నేనూ ఉన్నాను, కానీ ఆ తంతులో ఒక్క ముక్కా గుర్తు లేదు. భోజనాల దగ్గర ఫోన్ కదిలింది. ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే బయటికి పరుగెత్తాను.

"బేరింగు బాగానే ఉందట మేడమ్."

నేను అరుగు మీద కూర్చుండిపోయాను.

"వినండి మేడమ్. డైవర్లను దించారు. ప్రొపెల్లర్‌కు చేపల వల చుట్టుకుంది. నైలాన్ తాళ్లు షాఫ్టు దాకా బిగుసుకుపోయాయి. ఆగకపోతే ఆయిల్ ఎక్కిస్తుండగానే షాఫ్టు పట్టేసేదని ఓడ చీఫ్ ఇంజనీరే అన్నాడు."

వల అనేదొకటి ఉంటుందని మా మోడల్‌కు తెలియదు. ఏదో బరువు పడుతోందని పట్టుకుంది, కానీ నేరం బేరింగు మీద మోపింది. విశాఖ తిరిగి వెళ్లాక దాన్ని సరిచేయడమే నా మొదటి పని.

నాన్న చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతి మీద పోశాడు. జరిగింది చెప్పాను. ఒకప్పుడు గొర్లు కాసినవాడు, సముద్రాన్ని ఒక్కసారే చూశాడు.

"వల ఎవలిదో పాపం," అన్నాడు. "గది ఖతమే కదా ఇగ?"

"కోసి తీసిన్రట నాయినా."

ఆయన చెంబు అరుగు మీద పెట్టాడు. తర్వాత, లోపల నా విస్తరి అట్లాగే ఉందని గుర్తు చేశాడు.