సంచిలోకి దిగే రంగప్ప

రంగప్పకు ఒకటే పట్టు. మొక్కలు పెంచుకునే సంచి, అదే గ్రోబ్యాగు, ఏదైనా సరే, ముందు తాను అందులోకి దిగి నిలబడి చూడాలి. మొక్క ఆ తరువాతే. రంగు చూసి, ధర అడిగి సంచి కొనేసే వాళ్లంటే ఆయనకు జాలి. తాను మాత్రం చెప్పులు విడిచి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, పక్కన ఎవరుంటే వాళ్ల భుజం పట్టుకుని సంచిలోకి దిగుతాడు. కళ్లు మూసుకుంటాడు. బరువు కాసేపు ఎడమకాలి మీద వేస్తాడు, కాసేపు కుడికాలి మీద. కొత్తిమీర వేసుకునే చిన్న సంచయితే బొటనవేలు మాత్రం దించుతాడు. టమాటా సంచిలో రెండు కాళ్లూ దగ్గర పెట్టుకుని నిలబడతాడు. నిమ్మ సంచిలో ఒకసారి చుట్టూ తిరుగుతాడు. దానిమ్మకు సరిపోయేంత పెద్ద సంచి కనపడిందంటే ఏకంగా అందులో కూర్చుంటాడు.

"మొక్క ఏండ్లకేండ్లు నిలబడల్ల గదప్పా అందులో. మనం కాసేపు నిలబడలేని చోట దాన్నెట్ల నిలబెట్టేది?" అని అడుగుతాడు.

నిలబడటం గురించి రంగప్పతో వాదించి గెలవడం కష్టం. హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం పోయే బస్సులో కండక్టరుగా చేసి రిటైరయిన మనిషి. సీట్లన్నీ ఖాళీగా ఉన్నా కూర్చునే అలవాటు ఆయనకు చివరిదాకా రాలేదు.

ఇలాంటి మనిషికి ఇమ్మానుయేలు అంగడి దొరికింది.

ఇమ్మానుయేలుది సోమందేపల్లి. పెనుకొండ దగ్గర ఒక నర్సరీలో చాలాకాలం పనిచేసి, ఆఖరికి ధైర్యం చేసి హిందూపురంలో సొంతంగా అంగడి తెరిచాడు. మిద్దెల మీద కూరగాయలు, పండ్లు పెంచుకునేవాళ్లకు కావలసిన సంచులు, ఎరువులు, నారు అమ్ముతాడు. ఇల్లు మాత్రం ఇంకా భార్య ప్రేమలత నర్సు ఉద్యోగం మీదే నడుస్తోంది. అంగడి నిలదొక్కుకోకపోతే మళ్లీ కూలికి పోవాల్సిందే.

అంగడి తెరిచిన రోజు పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. ముగించి కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఒక పెద్దమనిషి ఆకుపచ్చ సంచిలో కళ్లు మూసుకుని నిలబడి ఉన్నాడు. ఎంత భక్తో అనుకుని పాస్టరుగారు ఇంకో ప్రార్థన అందుకున్నారు. అది కూడా అయి, అందరూ ఆమెన్ అన్నాక రంగప్ప కళ్లు తెరిచాడు.

"కుట్టు సరిగ్గా లేదు" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన రాని రోజు లేదు. కొత్త సరకు రాగానే దిగేవాడు. పాత సరకులోకి కూడా, పోయిన వారం నిలబడినప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉందా అని మళ్లీ దిగేవాడు. కొనడం మాత్రం ఎప్పుడో ఒకసారి. ఎరువుకూ అదే పరీక్ష. కంపోస్టు రాశి కనపడితే అందులో కాళ్లు చీలమండల దాకా కూరేసి నిలబడేవాడు.

"చేత్తో చూస్తే చాలదా చిన్నాయనా?" అని ఇమ్మానుయేలు అడిగాడు.

"చెయ్యి మోమాటపడతాదప్పా. కాలు ఉన్నది ఉన్నట్టు చెప్తాది."

ఒకసారి ఒకాయన కారు దిగి, పల్చటి చవక సంచులు కావాలన్నాడు. ఇమ్మానుయేలు తెచ్చి చూపించాడు. చూపించాక రంగప్ప ఊరుకుంటాడా! దిగాడు. కుట్టు పుటుక్కున తెగింది. రంగప్ప పోయి మిరపనారు ట్రేల మీద పడ్డాడు. లేచి, చొక్కాకంటిన మట్టి దులుపుకుంటూ కారాయనతో అన్నాడు.

"చూసినావా? నేను కాబట్టి లేచినా. దానిమ్మ పడితే లేస్తాదా?"

కారాయన సంచులు కొనలేదు. మిరపనారు మళ్లీ పోసుకోవాల్సి వచ్చింది.

ఇంకోసారి బడిలో టీచరు మంజులత టమాటాలకని చిన్న సంచులు ఎంచుకుంది. రంగప్ప ఒకటి నేల మీద పరిచి, పాత అలవాటు కొద్దీ దారి చూపిస్తూ చెయ్యి చాపాడు.

"దిగమ్మా, దిగు."

కండక్టరు దిగమంటే దిగడం అలవాటైన ప్రాణం. ఆమె దిగేసింది.

"ఎట్లుండాది?"

"కొంచెం ఇరుగ్గా ఉండాది సార్."

"నీకే ఇరుగ్గా ఉంటే టమాటాకి ఎట్లుంటాదమ్మా? వేర్లు యాడికి పోవల్ల?"

ఆమె పడీపడీ నవ్వి, ఆలోచించుకుని వస్తానని వెళ్లిపోయింది. తరువాత వచ్చి పెద్ద సంచులే తీసుకుంది కానీ, ఆ పూటకు మాత్రం బేరం పోయింది. ఇమ్మానుయేలుకు గుర్తుండేది పోయిన బేరమే.

ఇంతా చేసి రంగప్ప సొంత తోట గొప్పగా ఉంటుందా అంటే అదీ లేదు. ఒక సంచిలో మొక్క పెడతాడు. నాలుగు ఆకులు వేసేలోపల అంతకంటే మంచి సంచి కనపడుతుంది. మొక్కను పెరికి అందులోకి మారుస్తాడు. ఆయన భార్య లక్ష్మీదేవమ్మ ఇరుగుపొరుగుతో చెప్పుకునేది:

"మా వంకాయ చెట్టుకు అయినన్ని ట్రాన్స్‌ఫర్లు డిపోలో ఎవురికీ కాలేదు. పాపం, యాడా కుదురుగా ఒక కాయ కాసింది లేదు."

వానాకాలం మొదట్లో అసలు గొడవ వచ్చింది. అందరూ మొక్కలు పెట్టుకునే రోజులు. ధర్మవరం వైపు నుంచి ఒక వ్యాపారి చవగ్గా కంపోస్టు ఇస్తానంటే ఇమ్మానుయేలు ఒక లారీడు తెప్పించాడు. నల్లగా, పొడిపొడిగా, చూడటానికి ముచ్చటగా ఉంది. అంగడి నిండా జనం. రంగప్ప చెప్పులు విడిచి రాశిలోకి దిగాడు. దిగినవాడు దిగినట్టే బయటికి దూకాడు.

"ఇమ్మానుయేలూ! ఇది ఇంకా ఉడుకుతాండాదప్పా! లోపల కాల్తాండాది. అమ్మొద్దు. మొక్కలు మాడిపోతాయి!"

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకామె చేతిలోని ఎరువు సంచి మెల్లగా కింద పెట్టేసింది. అన్ని నెలలుగా ఓర్చుకున్నదంతా ఇమ్మానుయేలుకు ఒక్కసారిగా పొంగుకొచ్చింది.

"చిన్నాయనా, కొనేదుంటే కొను, లేదంటే పో! ఇది అంగడి, బస్సు కాదు ఊరికే నిలబడేకి!"

రంగప్ప కాళ్లు దులుపుకుని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

మరునాడు రాలేదు. ఆ తరువాతా రాలేదు. అంగడిలో బేరం హాయిగా, నిశ్శబ్దంగా సాగింది. కంపోస్టు దాదాపు అంతా అమ్ముడైపోయింది. ఎందుకో ఇమ్మానుయేలుకే అంగడి బోసిగా కనిపించేది. కొత్త సంచుల కట్ట విప్పినప్పుడల్లా గుమ్మం వైపు చూసేవాడు.

ఒక పొద్దున ప్రేమలత మిద్దె మీది నుంచి కేకేసింది.

"ఒకసారి పైకి రా. మన టమాటా చెట్లు చూడు."

ఆకులు పసుపుపచ్చగా మారి వేలాడిపోతున్నాయి. ఇమ్మానుయేలు సంచి మట్టిలోకి చెయ్యి దూర్చాడు. లోపల వెచ్చగా తగిలింది. ఇదే ఎరువు ఊరంతా అమ్మాడు.

"ఆ పెద్దాయన చెప్పినాడు కదా?" అంది ప్రేమలత.

"చెప్పినాడు."

"నువ్వేమన్నావు?"

ఇమ్మానుయేలు వంగి టమాటా చెట్లను సంచుల్లోంచి పెరకసాగాడు.

ఇక అంగడి పని అయిపోయిందనుకున్నాడు. ఈ రోజు వస్తారు, రేపు వస్తారు, మాడిన మొక్కలు తెచ్చి ముఖాన కొడతారు అని గుమ్మంలో ఎవరి నీడ పడినా ఉలిక్కిపడేవాడు. తిట్టడానికి ఎవరూ రాలేదు. మంజులత టీచరు వచ్చింది, అదీ నవ్వుతూ.

"అన్నా, ఇంకో నాలుగు పెద్ద సంచులు ఇవ్వు. వంగ, బెండ కూడా వేస్తాం."

ఇమ్మానుయేలు గొంతు సవరించుకున్నాడు. "మేడం, మొన్న ఇచ్చిన ఎరువు..."

"అయ్యో, అదా! నీ మాదిరి అంగడాయన్ని యాడా చూడలేదన్నా. తప్పయిందని తెలిసిన వెంటనే మనిషిని పంపిస్తివి. ఆ పెద్దాయన ఎండలో మూట మోసుకొని మిద్దె ఎక్కినాడు. ఆ ఎరువంతా తీసేసి, వేరేది పోసి, మొక్కలు మళ్లా నాటి పోయినాడు. మా పక్కింట్లో కూడా మార్చినాడు."

"నేను పంపించినానని చెప్పినాడా?"

"అవును. 'మా ఇమ్మానుయేలు అన్నం తినకుండా బాధపడతాండాడు, కోపం చేసుకోవద్దండి' అని కూడా చెప్పినాడు."

ఆ రోజు అంగడికి వచ్చిన వాళ్లందరూ అదే మాట చెప్పారు. ఎవరిల్లు ఎక్కడో రంగప్పకు వేరే చెప్పాలా? ఎవరు ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగుతారో గుర్తుపెట్టుకునే బతికిన మనిషి. పైగా అంగడిలో నిలబడ్డన్నాళ్లూ వచ్చినవాళ్లందరినీ, మీ మిద్దె ఏ వీధిలో, ఎండ ఎటు పడుతుందని ఆరా తీస్తూనే ఉండేవాడు.

సాయంత్రం పెందలాడే అంగడి మూసి, ఇమ్మానుయేలు రంగప్ప ఇంటికి పోయాడు. లక్ష్మీదేవమ్మ తలుపు తీసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"వచ్చినావా నాయనా! మీ అంగడి ఎరువు ఎప్పుడు తీస్తావు? శెనక్కాయలు ఆరబోసేకి జాగా లేకుండా పోయింది నాకు."

పెరట్లో ఒక మూల ఇళ్లిళ్లూ తిరిగి తెచ్చిన కంపోస్టు రాశిగా పోసి, మీద తడి గోనెపట్టలు కప్పి ఉంది.

"చిన్నాయన యాడుండాడు చిన్నమ్మా?"

"యాడుంటాడు, మిద్దె మీదే. పో, చూడు ఆయన తోట."

మిద్దె మీద సంచులన్నీ ఖాళీగా, గోడ పక్కన మడిచిపెట్టి ఉన్నాయి. రంగప్ప ఏడాదిగా కూడబెట్టుకున్న ఎరువంతా జనం ఇళ్లకు పోయింది. మిగిలింది ఒకే ఒక్క సంచి. వంగ, మిరప, టమాటా, బెండ, కరివేపాకు, చివరికి నిమ్మమొక్క కూడా, అన్నీ అందులోనే ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, తిరునాళ్ల రోజు బస్సులో జనం మాదిరి నిలబడి ఉన్నాయి. రంగప్ప చెంబుతో నీళ్లు పోస్తూ వాటికి నచ్చజెప్తున్నాడు.

"కొంచెం సర్దుకోండమ్మా. రెండు నెలలే, కొత్త ఎరువు మాగేదాకా. జరుగు నాయనా, ఆడ జాగా ఉండాది..."

మొక్కకు ఇరుకైతే ఓర్వలేని మనిషి అలా బతిమాలుతుంటే ఇమ్మానుయేలుకు నవ్వూ ఆగలేదు, కన్నీళ్లూ ఆగలేదు.

"ఏమిటికి చేసినావు చిన్నాయనా? పదిమందిలో నిన్ను అంత మాటంటి గదా నేను."

రంగప్ప వెనక్కి తిరిగి చూసి, కాస్త సిగ్గుపడ్డాడు.

"నువ్వన్న దాంట్లో తప్పేముండాది? నిలబడేకే గదా వస్తాంటి. ఊర్లో ఇంకో అంగడాయన నన్ను సంచిలో కాలు పెట్టనీలేదప్పా. నువ్వు ఇన్నినాళ్లు నిలబడనిచ్చినావు. నీ అంగడి మూతపడితే నేనింగ యాడికి పోవల్ల?" అని, పెరటి వైపు చూపించాడు. "అది చెడిపోయిన ఎరువు కాదులే. ఇంగా మాగలేదు, అంతే. వాన తగిలి చల్లబడనీ. తరువాత నీ సరకు నువ్వు తీస్కపో."

ఇమ్మానుయేలు కిందికి దిగి, బండెక్కి సోమందేపల్లి పోయాడు. వాళ్ల నాయన దొడ్లో బాగా మాగిన పశువుల ఎరువు ఉంది. మూటలు కట్టి ఆటోలో వేయించుకుని, చీకటి పడేసరికి తిరిగొచ్చాడు. ముగ్గురూ కలిసి మిద్దె మీద సంచులు నింపారు. ఏ మొక్కకు ఏ సంచి అన్నదాని మీద మొగుడూ పెళ్లాం గట్టిగా కొట్లాడుకున్నారు. వంకాయ చెట్టును లక్ష్మీదేవమ్మ తన చేతులతోనే నాటి, ఇంగ దీన్ని ముట్టుకుంటే ఊరుకోనని మొగుడికి వేలు చూపించింది. నిమ్మమొక్క చుట్టూ మట్టి అదుముతుండగా సన్నగా చినుకులు మొదలయ్యాయి.

"కాళ్లు కడుక్కొని రాండి ఇద్దరూ. రాగిముద్ద ఆరిపోతాది" అని ఆమె కిందికి పోయింది.

ఇమ్మానుయేలు ఫోను మోగింది. ప్రేమలత.

"అంగడి మూసేసి యాడికి పోయినావు?"

"రంగప్ప చిన్నాయన వాళ్లింట్లో ఉండా. ఈడే తిని వస్తా."

"ఏమన్నాడు? అంగడికి వస్తాడంటనా?"

ఇమ్మానుయేలు జేబులోంచి అంగడి రెండో తాళంచెవి తీసి, మట్టి చేతులతోనే రంగప్ప అరచేతిలో పెట్టాడు.

"రేపటి నుంచి అంగడి తెరిచేది ఆయనే" అన్నాడు ఫోనులో.