చౌడప్ప తువ్వాలు ముడి

ఆరేళ్లుగా ఈ మాట నా గుండెల మీద కూర్చుని ఉంది. మా ఆవిడకు చెప్పలేదు. చెప్పాల్సిన మనిషికి అసలే చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నానేమో.

బాగేపల్లి దగ్గర మా ఊరి చెరువును చేపలు పట్టుకోవడానికి చౌడప్ప, నేను కలిసి గుత్తకు తీసుకున్నాం. పడవకు మోటారు కొనేటప్పుడు అతను ఫోర్ స్ట్రోక్ అన్నాడు. పెట్రోలులో ఆయిల్ కలిపే పని ఉండదు, నీళ్ల మీద జిడ్డు తేలదు అన్నాడు. నేను టూ స్ట్రోకే అని పట్టుబట్టాను. తేలిక, భుజాన వేసుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు అన్నాను. అది నిజమే. కానీ నా టమాటా తోటలో మందు కొట్టే మిషన్ కూడా టూ స్ట్రోకే. ఆయిల్ కలిపిన పెట్రోలు ఒకే క్యాను నుంచి రెంటికీ వాడుకోవచ్చన్నది నా లోపలి ఆశ. అది మాత్రం బయటపెట్టలేదు.

చౌడప్ప జాగ్రత్త మనిషి. క్యానులో ఆయిల్ కలపగానే తువ్వాలు కొసకు ముడి వేసేవాడు. చెరువు నుంచి వచ్చాక విప్పేవాడు. ఎంత ఎగతాళి చేసినా మానలేదు.

ఒకరోజు పొద్దున్నే చూస్తే టమాటాకు మచ్చ తెగులు తగిలింది. వెంటనే మందు కొట్టాలి. ఆయిల్ డబ్బా ఖాళీ. చౌడప్ప అప్పుడే కలిపి పెట్టి వెళ్లిన పెట్రోలంతా నా మిషన్‌లో పోసుకున్నాను. క్యాను ఖాళీగా ఉంటే అడుగుతాడని, బైకులోంచి ఉత్త పెట్రోలు తీసి నింపాను. అతను వెళ్లేది మధ్యాహ్నం కదా, అంతలోపల ఆయిల్ తెచ్చి కలిపేద్దాం అనుకున్నాను. ఆ రోజు అతను ముందే వెళ్లాడు. చెరువు నడుమ, ఆయిల్ లేక మోటారు పట్టేసింది. తెడ్డు వేసుకుంటూ ఒడ్డు చేరేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి.

ఒడ్డున నలుగురూ చేరారు. చౌడప్ప నాకు తువ్వాలు చూపించాడు.

"నేను ఆయిల్ కలిపినా కదప్పా. చూడు, ముడి ఉండాది."

"అది నిన్నటి ముడి చౌడప్పా. విప్పేది మర్చిపోయినావు."

అతను ఆ ముడి వైపు చాలాసేపు చూశాడు. "అట్లనే ఉంటాదిలే" అన్నాడు.

తిట్టినా బాగుండేది. నమ్మేశాడు. ఆ తర్వాత మోటారు ముట్టలేదు, గుత్తలో వాటా కూడా వదిలేశాడు. ఇప్పుడు గ్యాస్ ఆపానా, తలుపు వేశానా అని భార్యను పదే పదే అడుగుతుంటాడట. నాకంటే చిన్నవాడు. ఎందుకన్నాను ఆ మాట? మోటారు పాడైనందుకా? కాదు. నలుగురిలో తలవంపులని. అంతే, ఇంకే కారణమూ లేదు.

మొన్న చింతామణి వెళ్లే బస్సులో నా పక్కనే కూర్చున్నాడు.

"నేను టికెట్టు తీసుకుంటినా అప్పా?" అని అడిగాడు. టికెట్టు అతని చేతిలోనే ఉంది.

"తీసుకున్నావులే" అన్నాను. నేను చెప్పానని నిశ్చింతగా వెనక్కి వాలాడు.

ఆ రోజు చౌడప్ప ఆయిల్ కలిపాడు. ఆ ముడి ఆ రోజుదే. ఇది రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. అతనికి మాత్రం ఇంకా తెలియదు.