పెరుగు పెట్టె కచేరీ

మా ఆవిడ మొట్టమొదటి కచేరీని నేనొక్కణ్ణే, ఎవరి సాయమూ లేకుండా, ఒక పెరుగు మిషనుతో ఎలా ముంచేనో ఇప్పుడు చెబుతాను. భోజనం చేస్తూ చదివే అలవాటున్నవాళ్ళు మజ్జిగ అన్నం దాకా వచ్చి ఉంటే ఈ కాగితం కాస్త పక్కన పెట్టండి. పొలమారితే నా పూచీ లేదు.

మాది ఆమదాలవలస. బియ్యం వ్యాపారం, పెరట్లో గేదెలు. మా ఇంట్లో పెరుగంటే అన్నీ అయ్యాక చివర్న వచ్చేది కాదు. కూరా పులుసూ అన్నవి పెరుగొచ్చేదాకా కాలక్షేపానికి పెట్టుకున్నవి. పుట్టగానే నా నాలిక్కి తేనె రాసేరో లేదో గాని గెడ్డపెరుగు మాత్రం రాసేరని మా అమ్మ ఇప్పటికీ చెబుతాది. అలాంటి నన్ను పట్టుకెళ్ళి విజయనగరంలో ఒక సంగీతం మాస్టారికి అల్లుణ్ణి చేసేరు.

పెళ్ళయిన ఏడాది ధనుర్మాసంలో మా ఆవిడ భారతికి రాజాం దగ్గర వెంకటేశ్వరస్వామి గుళ్ళో కచేరీ కుదిరింది. అంతవరకూ వాళ్ళ నాన్నగారి వెనకాల కూచుని గొంతు కలపడమే గాని, మధ్యలో కూచుని తను పాడడం అదే మొదలు.

"నా శిష్యులంతా వస్తన్నారు," అన్నారు మావయ్యగారు. "నిలబడితే నాలుగు గుళ్ళవాళ్ళు పిలుస్తారు. తేలిపోతే ఈయన కూతురు కూడా ఇంతేనా అని నవ్వుతారు. ఇవాళ్టి నుంచి కచేరీ అయ్యేదాకా ఈ ఇంట్లో పెరుగు బందు."

"పాడేది భారతి కదండీ," అన్నాను నేను వినయంగా.

"పెరుగు గాలి తగిలినా గొంతు పట్టేస్తాదయ్యా. నువ్వు తిని అమ్మాయి పక్కన మాటాడతావు."

పెరుగుకి గాలి ఉంటాదని అంతవరకూ నాకు తెలీదు. కచేరీ అయ్యేదాకా శ్రుతిపెట్టె మొయ్యడానికీ, శాలువాలు సర్దడానికీ నేను అత్తారింట్లోనే మకాం. రెండు రోజులు చారన్నంతో ముగించేను. మూడో రోజుకి కంచంలో నా మొహమే నాకు జాలిగా కనబడింది. తిన్నగా బజారుకెళ్ళి కరెంటుతో పెరుగు తోడుకునే మిషను ఒకటి కొని, సంచీలో దాచి, వంటింట్లో మా అత్త ముందు పెట్టేను.

"ఏటి బాబూ ఇది, క్యారేజీయా?"

"పెరుగు మిషనత్తా. గోరువెచ్చటి పాలు పోసి, తోడేసి, స్విచ్చి నొక్కితే ఎంత చలిలోనైనా గెడ్డకట్టేస్తాది. వంటింట్లోనే పెట్టాలని లేదు. ఏ మూలైనా ఉంటాది, ఎవరికీ తెలీదు."

"కరెంటు పెరుగా? నోట్లో పెట్టుకుంటే కొట్టదు కదా?"

"కొట్టదు."

"ఇది కొట్టదు. మీ మావయ్య సూస్తే ఆయన కొడతారు."

అలా అన్నాదే గాని ఆవిడ కళ్ళు ఆ మిషను మీంచి కదల్లేదు. పాపం ఆవిడకీ మజ్జిగ లేక నోరు చచ్చిపోయింది. అప్పుడు నా బుర్రకి, ఎన్నడూ లేనిది, ఒక ఆలోచన వచ్చింది. ఆ ఇంట్లో మావయ్యగారు ఎవర్నీ ముట్టుకోనివ్వని వస్తువు ఒకటే, శ్రుతిపెట్టె. తెల్లటి ప్లాస్టిక్కు డబ్బా, ఓ వైరు, ముందు ఓ మీట, ఎర్ర దీపం. మిషనూ అచ్చం అంతే. శ్రుతిపెట్టెకి మా అత్త తన పాత పట్టుచీర చింపి మెరూన్ రంగు గలేబు కుట్టింది. ఆ చీరలోనే మిగిలిన ముక్కతో మిషనుకీ ఒకటి కుట్టించేను. ఎత్తులో బెత్తెడు తేడా వస్తే లోపల తువ్వాలు దోపి అదీ సరిచేసేను. దొంగపనైనా నాణ్యంగా ఉండాలని నా పట్టుదల.

పక్కింటి పార్వతమ్మ దగ్గర పొద్దున్నే చెంచాడు తోడు తెచ్చి మొదలుపెట్టేం. వెనకగదిలో బియ్యం డబ్బా చాటున మిషను. సంగీతం గదిలో శ్రుతిపెట్టె. రోజూ మావయ్యగారు శిష్యుల ఇళ్ళకి వెళ్ళగానే మా పెరుగన్నం. ఏ పూట చూసినా పెరుగు ఓ పక్క కాస్త తగ్గి ఉండేది. అత్త ముందే రుచి చూస్తన్నాదేమోలే అని ఊరుకున్నాను. ఒకనాడు మావయ్యగారు వెనకగదిలోకి వచ్చి, "ఇదిక్కడ పెట్టేరేవిటి?" అని మిషనుని కళ్ళకద్దుకుని పట్టుకెళ్ళి, లోపలికి చూడకుండానే సంగీతం గది గుమ్మంలో పెట్టేరు. లోపల పెరుగు కూడా భయపడి ఉంటాది. ఆయన అటు వెళ్ళగానే వెనక్కి తెచ్చేసేను. అప్పుడైనా బుద్ధి రావాలి కదా. రాలేదు. పైగా అంత గొప్ప పోలిక కుదిరినందుకు మురిసిపోయేను.

కచేరీ రోజు మధ్యాన్నం పాలు తోడేసి, మిషను మూసి, గలేబు తొడిగేను. దీపాల వేళ దాకా కరెంటు ఉండదని పొద్దున్నే చెప్పేరు. మా అత్తకి కూతురు పాడుతూంటే గుండె దడ. ఇంట్లో దేవుడి దగ్గరే కూచుంటానంది.

"కరెంటు రాగానే స్విచ్చి నొక్కండత్తా," అని చెప్పేను.

"నొక్కుతాన్లే బాబూ. నువ్వు పెట్టె మర్చిపోకు."

మర్చిపోలేదు. కారు వాకిట్లో హారను కొడుతూంటే భారతి పెట్టెలన్నీ ఒక్కచోట పెట్టమంది. నేను శ్రుతిపెట్టెని తెచ్చి వెనకగదిలో బియ్యం డబ్బా చాటున శాలువాల పక్కన పెట్టి, శాలువాలు మడతపెట్టి, చంకన ఒక పెట్టె పెట్టుకుని పరిగెత్తేను. దారంతా ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. ఎప్పటికన్నా బరువుగా ఉంది. పెళ్ళైన కొత్త కదా, బాధ్యతంటే ఇలాగే ఉంటాదేమో అనుకున్నాను.

గుడి మండపం నిండిపోయింది. ముందు వరసలో మావయ్యగారు, ఆయన చుట్టూ శిష్యులు. వేదిక మీద భారతి మధ్యలో, అటు వయొలిన్ ఆయన, ఇటు మృదంగం ఆయన, వెనకాల నేను. నా పని ఒకటే. పెట్టె వైరు తగిలించి స్విచ్చి నొక్కడం. నొక్కేను. ఎర్ర దీపం వెలిగింది. చప్పుడు లేదు.

"ఏవండీ, శ్రుతి," అంది భారతి వెనక్కి తిరక్కుండా.

"వేసేను."

"వినబడలేదు."

"వేడెక్కాలేమో."

అందరికీ కనబడేలా మావయ్యగారు ముందు వరసలోంచి చెయ్యి పైకెత్తి, పెంచు పెంచు అని సైగ. మీట చివరికంటా తిప్పేను. దీపం ఇంకా ఎర్రగా నవ్వింది. పెట్టె మీద చెయ్యేసి చూద్దును గదా, నిజంగానే వెచ్చగా ఉంది. శ్రుతిపెట్టె వేడెక్కదని అప్పుడు గుర్తొచ్చింది. గలేబు అంచు కొంచెం ఎత్తి వాసన చూసేను. నా ఎదురుగా స్వామి ఉన్నాడు గాని, ఆ క్షణంలో నాకు ఆయన కనబడలేదు, మా మావయ్యగారే కనబడ్డారు.

జనంలో గుసగుసలు. భారతి మెడ వెనక చెమట పట్టింది. సరిగ్గా అప్పుడే జేబులో ఫోను గొణిగింది. మా అత్త.

"బాబూ, పెరుగు మూలుగుతన్నాది."

"ఏటత్తా?"

"కరెంటు వచ్చింది, వైరు తగిలించి స్విచ్చి నొక్కేను. అప్పట్నించీ ఒకటే మూలుగు. పాలల్లో ఏటైనా పడిపోయిందేటి? ఆపీనా?"

"ఆపకండి. మీకు దణ్ణం పెడతాను, ఆపకండి. ఫోను దాని పక్కన పెట్టి అలా వదిలీండి. ఏటీ ముట్టుకోకండి."

ఫోను స్పీకరు నొక్కి మైకు ముందు పెట్టేను. విజయనగరంలో మా వెనకగదిలోంచి, బియ్యం డబ్బా చాటునుంచి, శ్రుతి ఊఁ అని వచ్చి మండపం నిండా పరుచుకుంది. ఈ రోజుల్లో ఫోనులోనే తంబురా దొరుకుతాది గాని, అప్పట్లో ఫోనుతో ఆ పని మొదట చేసింది నేనేనని ఎక్కడైనా చెప్పుకుంటాను. మావయ్యగారు పెట్టె మీట కదలకుండా ఎప్పుడూ టేపు అంటించి ఉంచేవారు కాబట్టి అది సరిగ్గా భారతి శ్రుతే. ఆవిడ కళ్ళు మూసుకుని గొంతెత్తింది.

ఏం పాడిందనుకున్నారు. నాకు సంగీతం రాదు, అయినా మెడ వెనక రోమాలు లేచేయి. మావయ్యగారి చెయ్యి తొడ మీద తాళం వేస్తూ మెత్తబడింది. శిష్యులు తలలూపుతున్నారు. భారతి కల్యాణి ఎత్తుకుంది. మెల్లగా, మెట్టు మెట్టుగా పైకెళ్ళి ఒక స్వరం మీద నిలబడింది. మండపమంతా ఊపిరి బిగబట్టింది. ఆ నిశ్శబ్దంలోకి మైకులోంచి ఒక గొంతొచ్చింది.

"వదినా, చెంచాడు తోడు పెడతావేటి? మా ఇంట్లో పెరుగు పిల్లి నాకేసింది."

పార్వతమ్మ.

"దీపం పెట్టేక తోడియ్యకూడదే పార్వతీ," అంది మా అత్త, మండపం నలుమూలలా మార్మోగేలా. "రేపు పొద్దున్న రా. అల్లుడు మిషన్లో వేసేడు, నీకే ముందు తీస్తాను."

"మీ ఆయన పెరుగు బందన్నారు కదా?"

"బందు ఆయనకే. మేం రోజూ తింటన్నాం. అమ్మాయి కూడా పొద్దున్న సాధనకి ముందు రెండు గరిటెలు లాగిస్తన్నాది. అల్లుడికి కూడా తెలీదులే. గొంతు ఎంత నున్నగా పలుకుతన్నాదనీ."

వయొలిన్ ఆయన కమాను గాల్లో ఆగిపోయింది. మృదంగం ఆయన మొహం మృదంగం వెనక దాచుకున్నారు. జనం నవ్వు గాలిగోపురం దాకా వెళ్ళొచ్చింది. మావయ్యగారి చెయ్యి తాళం మధ్యలో బిగుసుకుపోయింది. భారతి చెవులు ఎర్రబడ్డాయి గాని ఆవిడ ఆ స్వరాన్ని వదల్లేదు. నవ్వు సద్దుమణిగేదాకా దాని మీదే నిలబడి, అక్కణ్ణించి ఇంకో మెట్టెక్కింది. నవ్విన జనమే చప్పట్లు కొట్టేరు. ఆ తరవాత కచేరీ ఎక్కడా తడబడలేదు. ముగిసేసరికి పక్క ఊరి గుడివాళ్ళు వచ్చి మావయ్యగారి దగ్గర నిలబడ్డారు.

నేను మాత్రం లేవలేదు. తరవాత సన్మానం, సన్మానం మీద ఉపన్యాసాలు. ఆ ఉపన్యాసాల వేడికి రాళ్ళు కూడా తోడుకుంటాయి. అన్నీ అయ్యాక అర్చకులు వేదిక సర్దుతూ నా పెట్టె ఎత్తి, గలేబు తీసి, మూత తెరిచేరు. చాకుతో కోసుకునేటంత పెరుగు.

"స్వామికి తెచ్చేరా నాయనా? దధ్యోదనానికి పెరుగు చాల్లేదని చూస్తన్నాం," అన్నారాయన.

మావయ్యగారు పక్కనే నిలబడి నాకేసి చూస్తన్నారు.

"స్వామికేనండి," అన్నాను. జీవితంలో నేను ఆడిన అబద్ధాల్లో దేవుడు స్వయంగా పుచ్చుకున్నది అదొక్కటే.

నైవేద్యమై, ప్రసాదం బయటికొచ్చింది. అర్చకులు మొదటి ముద్ద మావయ్యగారి చేతిలోనే పెట్టేరు. ప్రసాదం వద్దనలేరు. పెరుగు తినలేరు. ఆయన దాన్ని చూసేరు, నన్ను చూసేరు, స్వామిని చూసేరు. కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నారు. తరవాత చెయ్యి మళ్ళీ చాపేరు.

ఇల్లు చేరేం. గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఆయన ఆగేరు. నా శిక్ష ఖరారైందనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"అల్లుడుగారూ, వచ్చే కచేరీకి రెండు పెట్టెలూ తీసుకురండి," అన్నారు. "పలికేది అమ్మాయి వెనకాల పెట్టండి."

"రెండోదండీ?"

"పలకనిది నా పక్కన పెట్టండి. ఓ చెంచా కూడా."

కాబట్టి చదువుతున్న పెద్దలందరి ఎదుటా, గేదెపాల మీద చెయ్యేసి ప్రమాణం చేస్తన్నాను. ఇక ఈ జన్మలో పెరుగుకి పట్టుగుడ్డ కట్టను. మా ఇంట్లో ఇప్పుడు మిషనుకి గోనె గలేబు. దాన్ని కూడా మావయ్యగారు పొద్దున్నే కళ్ళకద్దుకుంటారు, అది వేరే సంగతి.