పెట్టెలోని గ్రాఫ్‌ను కత్తిరించిన టీచరమ్మ

నేను కత్తెర పడితే మా పోచంపల్లి ఇంట్లో ఇప్పటికీ కాగితాలు దాచేస్తారు. ఎంత ఘోరం చేశానో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, నాకు అలవాటే.

అప్పుడు బి.ఎడ్. శిక్షణలో ఉన్నాను. మరునాటి పాఠం డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ. డీఎన్‌ఏ మెలితిరిగిన నిచ్చెన కదా, చూపించడానికి రంగురంగుల గళ్లున్న పొడవాటి కాగితం కావాలి. మా బాపు చీరలు నేస్తాడు. వానాకాలమంతా కూర్చుని ఒక కొత్త డిజైన్‌ను గ్రాఫ్ కాగితం మీద గీసి పెట్టెలో పెట్టాడు. ఏ రోజుకారోజు అందులోంచి నాలుగు వరసలు చిట్టీ మీద దించుకుని, అది చూసి, రంగులో ముంచే ముందు నూలుకు ముడులు కట్టేవాడు. రంగంటిన చిట్టీని పారేసేవాడు. హాస్టళ్లలో పెరిగిన నా మహాబుద్ధికి ఏం తోచిందంటే, పనంతా చిట్టీలతోనే జరుగుతోంది, పెట్టెలోది ఊరికే పడి ఉంది! అడగకుండా పట్టుకెళ్లాను.

క్లాసులో దాన్ని నిలువునా రెండుగా కత్తిరించి మెలితిప్పాను.

"ఇదే డీఎన్‌ఏ. రెండు పోగులు. ఒకటి దెబ్బతింటే రెండోదాన్ని చూసి బాగుచేసుకోవచ్చు. అందుకే కణం అసలు రాతను ఇందులో దాచుకుంటుంది. ఆర్‌ఎన్‌ఏ ఒంటి పోగు. కావలసినంత రాసుకొస్తుంది, పని కాగానే ముక్కలైపోతుంది" అంటూ, ఊపులో ఒక సగాన్ని పరపరా చింపేశాను. నా పాఠం చూడ్డానికొచ్చి వెనక కూర్చున్న మా బి.ఎడ్. సారు మెచ్చుకుంటూ తలూపారు. నేను గాల్లో తేలిపోయాను.

ముందు బెంచీలోంచి ఒక పిల్ల లేచింది. వాళ్లదీ మగ్గమున్న ఇల్లే.

"మేడం, గిది చేత్తోని గీసిన గ్రాఫ్ గదా? మా ఇంట్ల గిసొంటిదాన్ని ముట్టనే ముట్టనియ్యరు. గిదే అసలుది గాదా?"

అసలుదాన్ని దాచుకోవాలని చెప్పిన నోరూ నాదే, చింపిన చేతులూ నావే!

ఇంటికెళ్లేసరికి బాపు పెట్టెంతా తిరగేస్తున్నాడు.

"గ్రాఫ్ ఏడబోయింది బిడ్డా? నూలు సాపుకొని కూసున్న."

మిగిలిన సగాన్నీ, గుప్పెడు ముక్కల్నీ ముందుపెట్టి భోరున ఏడ్చాను.

"అయ్యో! నా కండ్లు సక్కగ ఆనుతలేవని ఎరుకే గదా. మల్ల మొదటికెల్లి గీయాల్నంటే నాతోటి అయితదా?" అన్నాడు బాపు. ఆ మాటకు నిజంగా చచ్చిపోవాలనిపించింది.

కాసేపు ఆ సగాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "డిజైన్ నడిమికెల్లి రెండు దిక్కుల ఒక్కతీర్గనే ఉంటది. గీ సగం చూసి గా సగం గీసుకోవచ్చు తియ్యి. ఏడ్వకు."

ఏడుపు మరచి ఎగిరి గంతేశాను. "బాపూ, డీఎన్‌ఏ గూడ అచ్చం గిట్లనే బాగుచేసుకుంటది!"

"చేసుకుంటది. దానింట్ల నీ అసొంటి బిడ్డ లేదు, బతికిపోయింది."

ఆ పూటే గంభీరంగా ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట ఏ పాఠానికైనా పాత క్యాలెండరే కత్తిరిస్తాను. అదీ, ఆ ఏడాది అయిపోయిందో లేదో బాపును అడిగాకే.