ఓడకు కిటికీ, బండికి ఎనిమిదో సీటు

ముందుగా సర్వశక్తిగల దేవునికి స్తోత్రం. గాడిద చేత ప్రవక్తకు బుద్ధి చెప్పించిన దేవుడాయన. నా భార్య చేత నాకు బుద్ధి చెప్పించడం ఆయనకు ఏపాటి పని? (ఈ పోలిక మా ఇంట్లో ఎవరికీ చదివి వినిపించకండి.)

ఒక్క కారు విషయంలో నా పరువునూ, మా సంఘం ఆశనూ ఒకే మధ్యాహ్నం ముంచబోయిన కథ ఇది. ముంచాను అనలేదు, ముంచబోయాను అన్నాను. ఆ తేడాలోనే దేవుని కృప ఉంది.

అప్పుడు నాకు హైటెక్ సిటీలో ఉద్యోగం, నల్లగండ్లలో ఫ్లాటు, బోరబండలో చర్చి. వారం వారం ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థన కూటం జరిగేది. ఆ కూటాలకు ప్రాణం మరియమ్మ పెద్దమ్మ డోలక్. ఆమె వాయిస్తే నిద్రపోయేవాళ్లు కూడా చప్పట్లు కొట్టేవారు. కానీ మోకాళ్లు అరిగిపోయి బస్సు ఎక్కలేక, ఆటో కుదుపులు తట్టుకోలేక ఆమె కూటాలు మానేసింది. డోలక్ లేని మా పాటలు చల్లారిన ఉప్మాలా తయారయ్యాయి.

ఒక ఆదివారం చర్చిలో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి లేచాను. "దేవుడు నాకు హైబ్రిడ్ కారు ఇవ్వబోతున్నాడు. పెట్రోలుతోనూ నడుస్తుంది, బ్యాటరీతోనూ నడుస్తుంది. ఇక మన కూటాలకు పాస్టరు అయ్యగారు, వారి అమ్మగారు, పాటలు పాడే ముగ్గురు అక్కచెల్లెళ్లు, మేమిద్దరం, అందరం అందులోనే. ముందు సీటు మరియమ్మ పెద్దమ్మది!"

చర్చి అంతా హల్లెలూయా అంది. పెద్దమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. బండి లేదు, బాట లేదు, ముందు సీటు మాత్రం పంచేశాను.

ఇక లెక్కలు మొదలయ్యాయి. కారులో రెండు రకాలు: కింది మోడల్, పై మోడల్. కొనడానికి రెండు దారులు. బ్యాంకు అప్పయితే మొదట కొంత చేతి నుంచి కట్టాలి, తర్వాత నెలనెలా వాయిదాలు, చివరికి బండి మనది. మా ఆఫీసు ఇప్పించే కంపెనీ లీజయితే వాయిదా జీతంలోంచి పన్నుకు ముందే పోతుంది, బీమా, సర్వీసింగ్ అందులోనే. బండి మాత్రం నాలుగేళ్లూ లీజు వాళ్లది. మధ్యలో వదిలేస్తే జరిమానా.

రెండు మోడళ్లు, రెండు దారులు, మొత్తం నాలుగు గడులు. వడ్డీ, పన్ను, పెట్రోలు, టైర్లు, మళ్లీ అమ్మితే వచ్చే ధర, అన్నీ ఎక్కించాను. ఆఫీసు క్యాంటీన్‌లో నా పట్టిక చూసి పక్కవాళ్లు ఇడ్లీ చల్లార్చుకున్నారు. ఒకరోజు నాకు దర్శనమైంది: పై మోడల్ లీజు వాయిదా, కింది మోడల్ అప్పు వాయిదా ఇంచుమించు ఒక్కటే!

పరుగున ఇంటికెళ్లి మా ఆవిడ సుగుణకు చెప్పాను. ఆమెది రాజమండ్రి. ప్రశ్న అడిగినా మర్యాదగానే అడుగుతుంది.

"మరి కింది మోడల్ లీజు ఎంతండీ?"

"అది ఇంకా తక్కువే. కానీ దానికి పైన సన్‌రూఫ్ లేదు."

"సన్‌రూఫ్ ఎందుకండీ? బట్టలు ఆరేస్తామా?"

"ప్రళయం నాటి ఓడకు కిటికీ పెట్టమని దేవుడే చెప్పాడు. అది కూడా పై భాగాన! ఆ రోజుల సన్‌రూఫ్ అదే."

లేఖనం తెలిసినవాడితో వాదించడం కష్టం. అందులోనూ సగమే చదివినవాడితో మరీ కష్టం.

శనివారం కొత్తగూడ దగ్గరి షోరూంకు అందరినీ రమ్మన్నాను. నా పథకం గొప్పది. అయ్యగారు పై మోడల్ బండి మీద చెయ్యి ఉంచి ప్రార్థిస్తారు, ఆమేన్ అనగానే నేను ఫోనులో లీజు ఖాయం చేసే మీట నొక్కుతాను. అయ్యగారు చెయ్యి ఉంచారు. నేను వేలు ఉంచాను.

"ఆగండి," అంది సుగుణ. "ముందు ఎక్కండి, తర్వాత నొక్కండి."

ఎక్కాం. స్టీరింగ్ దగ్గర నేను, పక్కన డోలక్‌తో పెద్దమ్మ. మధ్యలో రాజసింహాసనాల్లాంటి రెండు విడి సీట్లు, వాటిలో అయ్యగారు, అమ్మగారు. వెనక ముగ్గురు అక్కచెల్లెళ్లు. తలుపులు వేశాం. అద్దంలో చూస్తే బయట సంచి పట్టుకుని నా ధర్మపత్ని నిలబడి ఉంది.

"ఎక్కు సుగుణా!"

"ఎక్కడ కూర్చోనండీ? ఆ ఓడ కిటికీలోనా?"

నేను సేల్స్ అబ్బాయి వైపు తిరిగాను. "ఎనిమిదో సీటు ఏది?"

"గీ మోడల్‌ల ఏడే సార్. మధ్యల రాజా సీట్లున్నయ్ కద!"

ఆ సీట్ల గురించి నెల రోజులు గొప్పలు చెప్పింది నేనే. ఏనుగును కొని అంకుశానికి బేరమాడారంటారు. నేను అంకుశానికి నాలుగు ధరలు తెచ్చి, ఏనుగు మీద ఎంతమంది పడతారో అడగలేదు.

పెద్దమ్మ తలుపు తీసింది. "నేను దిగుత బిడ్డా. సుగుణమ్మను ఎక్కించుకో. నాదేముంది, ఇంట్లనే పాడుకుంట."

నా గుండె జారి బ్రేకు మీద పడింది.

"వద్దమ్మా, నేను దిగుతాను," అన్నారు అయ్యగారు.

"మీరు దిగితే వాక్యం ఎవరు చెప్తారు? మేం దిగుతాం," అన్నారు వెనక అక్కచెల్లెళ్లు ఒకే శ్రుతిలో.

ఒకరినొకరు గౌరవించుకోవడంలో మా సంఘాన్ని మించినది లేదు. నిమిషంలో అందరూ దిగిపోయారు, బండిలో నేనొక్కణ్నే మిగిలాను. అప్పుడు అయ్యగారు అద్దం దగ్గరికి వంగి మెల్లగా అడిగారు.

"బాబూ, ఓడ కిటికీ సంగతి సుగుణమ్మ చెప్పింది. బాగుంది. మరి ఆ ఓడలో మనుషులెంతమంది?"

చిన్నప్పుడు ఆదివారపు బడిలో బహుమతి తెచ్చుకున్న ప్రశ్న అది.

"ఎనిమిది మంది అయ్యగారూ."

"నీ పై మోడల్‌లో అయితే ఒకరు మునిగిపోయేవారు."

షోరూం మొత్తం నవ్వింది. సేల్స్ అబ్బాయి నవ్వు ఆపుకుంటూ పక్క బండి తలుపు తీశాడు. కింది మోడల్! మధ్యలో ముగ్గురు కూర్చునే పొడుగు సీటు. ఎనిమిది మందిమి ఎక్కాం, సంచితో సహా. పట్టిక మళ్లీ తెరిచాను. నాలుగు గడుల్లోనూ అన్నిటికంటే చవక, కింది మోడల్ లీజే! సన్‌రూఫ్ లేదని నేను ముఖం తిప్పుకున్న గడి అది. ఇల్లు కట్టేవాళ్లు పారేసిన రాయే మూలరాయి అయింది.

అయ్యగారు ప్రార్థించారు. ఆమేన్ అన్నాం. మీట నొక్కాను.

బండి చేతికొచ్చిన రోజున కొత్తగూడ ఫ్లైఓవర్ మీద డోలక్ మోగింది. పక్క బండ్లవాళ్లు అద్దాలు దించి చూశారు. పెద్దమ్మ మూసి ఉన్న పైకప్పు వైపు చూసి, "పైన కిటికీ లేకుంటే దేవునికి మన పాట ఇనపడదనుకున్నవా బిడ్డా?" అంది. ఆ రోజు నుంచి ఆమె ఒక్క కూటం మానలేదు.

అందుకే సంఘం ముందు, సుగుణ ముందు (ముఖ్యంగా సుగుణ ముందు) ఒట్టు పెట్టుకున్నాను: ఇకమీదట ఏ బండి చూసినా ముందు తలలు, తర్వాతే వాయిదాలు. లేఖనం ఎత్తితే చివరిదాకా చదివాకే ఎత్తుతాను.

ఇప్పుడు మీరూ నాతోపాటు కళ్లు మూసుకోండి. బండి నడుపుతున్నవాళ్లు తప్ప. "ప్రభువా, లెక్కలు వేసే తెలివి మాకిచ్చావు. ఎవరు బయట నిలబడి ఉన్నారో చూసే కళ్లు కూడా ఇయ్యి." గట్టిగా అనండి, వెనక సీటుదాకా వినపడాలి: ఆమేన్!